కారు కంపెనీ అమ్మకాలు ఆపేసింది, విడిభాగాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన నాలుగు పేజీల ఉత్తరానికి ఇది సారాంశం. ఆమె ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలు. సింగరేణిలో పనిచేసి పదవీ విరమణ చేసిన తండ్రి 2010లో తన పొదుపు డబ్బుతో 1.3 లీటర్ల డీజిల్ ఇంజను ఉన్న ఒక సెడాన్ కారు కొన్నారు. ఆ కారును తయారుచేసిన సంస్థ ఇప్పుడు మన దేశంలో కార్లు అమ్మడం లేదు. తండ్రికి మూత్రపిండాలు దెబ్బతినడంతో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఇంటి నుంచి ఖమ్మం ఆసుపత్రికి దాదాపు 40 కిలోమీటర్లు. ఆ ప్రయాణమంతా ఈ కారులోనే సాగుతోంది.

వేసవి మొదలైనప్పటి నుంచి కారు అరగంటో ముప్పావుగంటో నడిచాక, ఎలాంటి ముందస్తు సూచన లేకుండా ఆగిపోతోంది. మీటర్ బోర్డులో ఇంజను దీపం వెలుగుతుంది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది కాని అందుకోదు. ఇరవై ముప్పై నిమిషాలు వదిలేస్తే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. ఒకసారి డయాలసిస్ ముగించుకుని తిరిగి వస్తుండగా ఇలాగే ఆగిపోయి, నీరసంగా ఉన్న తండ్రి చాలాసేపు ఎండలో రోడ్డు పక్కన కూర్చోవలసి వచ్చింది.

తండ్రి స్నేహితుడైన మెకానిక్‌ను ఆమె చిన్నప్పటి నుంచి ‘బాబాయ్’ అనే పిలుస్తారు. ఆయన మొదట డీజిల్ ఫిల్టర్ మార్చారు, తర్వాత బ్యాటరీ మార్చారు, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో 650 రూపాయలకు తెప్పించిన, ‘ఇంజను కింద గేర్‌బాక్స్ పక్కన ఉండే’ సెన్సర్ బిగించారు. అది రెండు వారాలు బాగానే నడిచి, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ‘ఈసీఎం (ఇంజనును నియంత్రించే కంప్యూటర్) పోయింది’ అంటున్నారు. హైదరాబాద్‌లోని ఒక సర్వీస్ సెంటర్ కొత్త ఈసీఎంకు 48,000 రూపాయలు ముందే కట్టమంది కాని, ఎప్పటికి వస్తుందో చెప్పలేదు. పాత సామాన్ల వ్యాపారి ఒకరు 12,000కు సెకండ్ హ్యాండ్‌ది ఇస్తానన్నారు, తిరిగి తీసుకోనని కూడా చెప్పారు. బెంగళూరులో ఉండే తమ్ముడు ఈ కారును తుక్కుకు ఇచ్చేసి అప్పు మీద కొత్తది కొనమంటున్నాడు. ఆమె జీతం 28,000. చేతిలో 15,000 ఉన్నాయి. కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పునరుద్ధరించుకున్నారు. ఈసీఎం చవకగా ఎక్కడ దొరుకుతుంది, తమ్ముడి మాట వినాలా, కారును వేరేచోట చూపిస్తే బాబాయ్ మనసు నొచ్చుకోదా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా ముందు మాట్లాడుకోవలసిన విషయం ఒకటుంది. లోపం తేలేవరకు నాన్నగారిని ఈ కారులో డయాలసిస్‌కు తీసుకెళ్లకండి. నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోయినప్పుడు పవర్ స్టీరింగ్ సహాయం పోతుంది, చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకుకు బలాన్నిచ్చే వ్యాక్యూమ్ కూడా ఇంజను తిరుగుతున్నంతసేపే తయారవుతుంది. ఆగాక ఒకటి రెండుసార్లు తొక్కడానికి సరిపడా మాత్రమే మిగులుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వెనక లారీ వస్తున్న హైవే మీద ఇలా జరిగితే కలిగే ప్రమాదం ముందు ఏ విడిభాగం ధరా లెక్కలోకి రాదు. ఆ మూడు రోజులకు తెలిసిన ఆటోనో కారునో నెలవారీగా మాట్లాడుకోండి. ఆ ఖర్చును మరమ్మతు ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోండి. అలా చేస్తే, తొందరలో తప్పుడు భాగం కొనవలసిన ఒత్తిడి కూడా మీ మీద ఉండదు.

ఇక ఈసీఎం విషయం. చవకైన ఈసీఎం ఎక్కడ దొరుకుతుందని మీరు అడిగారు. మీ ఉత్తరాన్ని నేను ఎంత జాగ్రత్తగా చదివినా, ఈసీఎం చెడిపోయిందనడానికి అందులో ఒక్క ఆధారం కూడా కనిపించలేదు. ఫిల్టర్ కాదు, బ్యాటరీ కాదు, సెన్సర్ కాదు, కాబట్టి మిగిలింది ఈసీఎమే అన్న లెక్కతో ఆ నిర్ణయానికి వచ్చారు. ఈ పద్ధతిలో ప్రతి అనుమానాన్నీ తీర్చుకునేది మీ డబ్బుతోనే. ఈసీఎం కూడా వేడికి మొరాయించవచ్చు, అది అసాధ్యమని నేను అనడం లేదు. కాని మీరు చెప్పిన లక్షణాలు కనిపించినప్పుడు అనుమానించవలసిన వాటిలో అది చిట్టచివరిది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. 650 రూపాయల సెన్సర్ బిగించాక కారు రెండు వారాలు సరిగ్గా నడిచింది. మీరు వర్ణించిన చోటును బట్టి అది క్రాంక్ సెన్సర్ అనుకుంటున్నాను. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్లు ఏ స్థానంలో ఉన్నాయో ఈసీఎంకు చెప్పేది అదే. ఆ సంకేతం అందకపోతే ఏ క్షణంలో డీజిల్ చిమ్మాలో ఈసీఎంకు తెలియదు, కాబట్టి చిమ్మడం ఆపేస్తుంది. అంటే అప్పుడు ఈసీఎం తన పని తాను సరిగ్గానే చేస్తోందన్నమాట. ఈ సెన్సర్లలో చాలావాటి లోపల జుట్టంత సన్నని తీగచుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ ప్రకంపనలకూ ఆ తీగ ఎక్కడో బీటలిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బీట అంచులు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి, వేడెక్కి వ్యాకోచించినప్పుడు విడిపోతాయి, చల్లారితే మళ్లీ కలుస్తాయి. వేడెక్కాక ఆగడం, చల్లారాక స్టార్ట్ కావడం అన్న మీ కారు వరస దీనికి అచ్చంగా సరిపోతుంది. కొత్త సెన్సర్‌తో రెండు వారాలు బాగా నడిచిందంటే, లోపం ఆ సెన్సర్‌లోనో, దాని కప్లర్‌లోనో (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లగ్గు), అక్కడినుంచి వెళ్లే వైర్లలోనో ఉండే అవకాశం బలంగా ఉంది. తెచ్చిన సెన్సర్ నకిలీది కావచ్చు. లేదా సెన్సర్ మార్చేటప్పుడు కప్లర్‌ను విప్పి బిగించడంవల్ల మురికి పట్టిన పిన్నులు తాత్కాలికంగా కలిసి ఉండవచ్చు.

అయినా నేనిక్కడ కూర్చుని చెప్పినదాన్ని కూడా ఒక అనుమానంగానే తీసుకోండి. తేల్చవలసింది కారు దగ్గర, అదీ కారు ఆగిపోయి ఉన్న సమయంలో. చల్లారి మామూలుగా నడుస్తున్న కారుకు స్కానర్ (ఈసీఎంలోని సమాచారాన్ని చదివే పరికరం) పెడితే నిల్వ ఉన్న పాత లోపాల కోడ్‌లు కనిపిస్తాయి తప్ప అసలు దొంగ దొరకడు. కాబట్టి కారును పరీక్షించే చోటికి తీసుకెళ్లాక వేడెక్కి ఆగేదాకా అక్కడే ఇంజను నడిపించమని, ఆగిన వెంటనే స్కానర్‌లో లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు సెన్సర్లు ఇస్తున్న విలువలు, చూడమని అడగండి. స్టార్టర్ ఇంజనును తిప్పుతున్నప్పుడు తెరమీద ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే అంకె) సున్నా అనే చూపిస్తుంటే క్రాంక్ సెన్సర్‌నో దాని వైరింగ్‌నో అనుమానించాలి. దీనికి తరచుగా కనిపించే కోడ్ పీ0335. ఆర్‌పీఎం సరిగ్గా కనిపిస్తూ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడి) మాత్రం పెరగకపోతే కథ వేరు. డీజిల్ వేడెక్కి పలచబడినప్పుడు అరిగిన పంపు గాని, లీకయ్యే ఇంజెక్టర్లు గాని ఒత్తిడిని నిలబెట్టలేవు. పంపు మీది ప్రెషర్ రెగ్యులేటర్, రైల్ ప్రెషర్ సెన్సర్ కూడా ఇదే లక్షణాన్ని చూపిస్తాయి. అప్పుడు కారును డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాలి, ఈసీఎం కొనడంవల్ల ప్రయోజనం ఉండదు. ఒక హెచ్చరిక: ఈ ఇంజన్లలో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్‌కు పైగా ఉంటుంది. ఇంజను నడుస్తుండగా ఆ పైపులను ఎవరూ వదులు చేయకూడదు. చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

మూడో సందర్భం కూడా ఉంది. కారు ఆగినప్పుడు స్కానర్ అసలు ఈసీఎంతో మాట్లాడలేకపోతే చూపు ఈసీఎం వైపు తిరగాలి. అప్పుడు కూడా ముందు చూడవలసింది దానికి కరెంటు అందుతోందా లేదా అన్నదే. మెయిన్ రిలే, ఫ్యూజు, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు అన్నీ 2010 నాటివే. రిలే లోపలి టాంకా వేడికి విడిపోవడం చాలా మామూలు విషయం, అయినా దాని ధర వందల్లోనే ఉంటుంది. ఇంకొక చిక్కు చాలామంది మెకానిక్‌లను తప్పుదారి పట్టిస్తుంది. ఈసీఎం చాలా సెన్సర్లకు 5 వోల్టుల కరెంటును ఒకే లైనులో పంచుతుంది. ఆ లైనులో ఏ ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా మిగిలినవన్నీ తప్పుడు విలువలు ఇస్తాయి. స్కానర్ తెర నిండా కోడ్‌లు కనిపిస్తాయి. చూసినవాళ్లు సహజంగానే ‘మెదడే పోయింది’ అనేస్తారు. ఇగ్నిషన్ ఆపి ఒక సెన్సర్ కప్లర్ విప్పడం, మళ్లీ ఇగ్నిషన్ వేసి మీటరుతో చూడడం, ఇలా ఒక్కొక్కటిగా చేస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో గమనిస్తే దోషి బయటపడుతుంది. కొంచెం ఓపిక ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ ఎవరైనా చేయగలిగిన పని ఇది.

స్కానర్ గురించి మరో మాట. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ పరికరాన్ని కొని ఫోన్‌లో చూసుకోవచ్చని మీ తమ్ముడు సలహా ఇవ్వవచ్చు. కాని అలాంటి పరికరం చదివే ఆన్‌బోర్డ్ డయాగ్నొస్టిక్స్ (కారు తన లోపాలను తానే నమోదు చేసుకునే ఏర్పాటు) నిబంధన మన దేశంలో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో పాటు వచ్చింది. ఆ బీఎస్-4 కూడా మొదట హైదరాబాద్ వంటి పెద్ద నగరాలకే పరిమితమైంది, దేశమంతటికీ చేరేసరికి 2017 అయింది. 2010లో మీ జిల్లాలో రిజిస్టరైన కారు అంతకుముందరి ప్రమాణాలది అయివుండవచ్చు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ కనిపించినా, లోపల మాట్లాడే భాష కంపెనీ సొంతది కావచ్చు. చిన్న పరికరం పనిచేయకపోతే దాన్ని చూసి ఈసీఎం పోయిందన్న అభిప్రాయానికి మాత్రం రాకండి. అన్ని కంపెనీల కార్లనూ చదవగలిగే పెద్ద స్కానర్లు ఖమ్మంలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉంటాయి. ఫోన్‌లో అడిగేటప్పుడు కారు మోడల్, సంవత్సరం చెప్పి ‘లైవ్ డేటా వస్తుందా’ అని మాత్రమే అడగండి. పరీక్ష ఫలితాన్ని కాగితం మీదో ఫోన్ ఫొటోగానో తప్పకుండా తీసుకోండి.

ఇప్పుడు విడిభాగం ఎక్కడ దొరుకుతుందన్న అసలు ప్రశ్నకు వస్తాను. మీ దిగులంతా కారు కంపెనీ ఇక్కడ అమ్మకాలు మానేసిందన్న దాని చుట్టూ తిరుగుతోంది. కాని కారు కంపెనీలు సాధారణంగా సెన్సర్లు తయారుచేయవు. బాష్, డెన్సో, మాగ్నెటి మరెల్లి, డెల్ఫీ, వాలియో వంటి సంస్థలు వాటిని తయారుచేస్తాయి. కారు కంపెనీలు వాటిని కొని, తమ పేరు ముద్రించిన పెట్టెలో పెట్టి అమ్ముతాయి. అదే భాగం తయారీదారు సొంత పెట్టెలో వస్తే ధర తరచుగా తక్కువగా ఉంటుంది. పైగా మీకొక అదృష్టం కలిసొచ్చింది. ఇక్కడ ఎక్కువగా నడిచిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజను ఒక్క కంపెనీ సొత్తు కాదు. ఫియట్ రూపొందించిన 1,248 సీసీల ఆ ఇంజనే మారుతీ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో, టాటా ఇండికా విస్టా, మాంజాలలో, ఫియట్ పుంటో, లీనియాలలో, ఆ తర్వాత షెవర్లే సెయిల్, ఎంజాయ్‌లలో కూడా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చేదాకా మారుతీ దానితో కార్లు అమ్మింది. అవి ఇప్పటికీ మన రోడ్ల నిండా ఉన్నాయి కాబట్టి వాటి ఇంజను భాగాలు మామూలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. మీ కారులో ఉన్నది ఆ ఇంజనే అయితే క్రాంక్ సెన్సర్, రైల్ ప్రెషర్ సెన్సర్, ప్రెషర్ రెగ్యులేటర్, ఇంజెక్టర్ల వంటి వాటికి మీరు అనుకున్నంత కరువు లేదు. దుకాణంలో మీ కారు పేరు చెప్పి అడిగితే ‘రాదు’ అంటారు. భాగం నంబరు చెప్పి అడిగితే లోపలికి వెళ్లి వెతుకుతారు.

ఆ నంబరును ఇలా సంపాదించాలి. కారుతో వచ్చిన అసలు సెన్సర్‌ను బాబాయ్ పారేయకుండా ఉంచి ఉంటే దాన్ని శుభ్రంగా తుడిచి, వెలుతురులో ఫొటో తీయండి. సాధారణంగా దానిమీద రెండు నంబర్లుంటాయి, ఒకటి కారు కంపెనీది, ఇంకొకటి తయారీదారుది. మీకు కావలసింది రెండోది. బాష్ నంబర్లలో పది అంకెలుంటాయి. కామన్ రైల్ ఇంజెక్టర్లు, పంపుల నంబర్లు 0445తో మొదలవుతాయి, డీజిల్ సెన్సర్లు చాలావరకు 0281తో, క్రాంక్ సెన్సర్లు తరచుగా 0261తో మొదలవుతాయి. పాత సెన్సర్ లేకపోతే ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు చెప్పి, ఆ కంపెనీ కార్లు చూసే ఏ సర్వీస్ సెంటర్ విడిభాగాల కౌంటర్‌లోనైనా కేటలాగ్ నంబరు అడగవచ్చు. అక్కడ కొనకపోయినా చాలామంది చెబుతారు. ఆ నంబరును తయారీదారు కేటలాగ్‌లో వెతికితే సరిపోయే భాగం నంబరు తెలుస్తుంది. పాత నంబరు రద్దయి దాని స్థానంలో కొత్తది వచ్చి ఉండవచ్చు, ‘ఈ నంబరు దేనికి మారింది’ అని కూడా అడగండి. ఇంజను ఒకటే అయినా వైరింగ్ కంపెనీకొక తీరుగా ఉంటుంది. స్విఫ్ట్ సెన్సర్ మీ ఇంజనులో చక్కగా కూర్చుని, కప్లర్ దగ్గర కుదరకపోవచ్చు. పిన్నుల సంఖ్య, కప్లర్ ఆకారం, తీగ పొడవు ఫొటోతో పోల్చి చూశాకే డబ్బు కట్టండి. కుదరని కప్లర్‌ను కోసి వైర్లు కలిపే పనికి మాత్రం ఒప్పుకోకండి. కొన్నాళ్లకు అదే మరో లోపంగా మారుతుంది.

కొనడానికి విజయవాడ జవహర్ ఆటోనగర్ మీకు దగ్గర. కొత్త భాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ పెద్ద మార్కెట్. రెండుచోట్లా ఏ కంపెనీ భాగానికి ఎవరు అధీకృత పంపిణీదారో కనుక్కుని వారి దగ్గరే కొనండి, వంద రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు. ఎలక్ట్రికల్ భాగాలను తిరిగి తీసుకోకపోవడం ఈ వ్యాపారంలో దాదాపు అందరూ పాటించే నియమం. పరీక్ష ముందు, కొనుగోలు తర్వాత అని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. జీఎస్టీ బిల్లు తప్పకుండా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటికీ పన్ను 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 శాతం ఉండేది. మీకు చెప్పిన 48,000 పాత లెక్క కాదు కదా అని కూడా కనుక్కోండి.

ఆ 650 రూపాయల సెన్సర్ పెట్టెను ఇంకా ఉంచి ఉంటే ఒకసారి పరిశీలించండి. అసలు పెట్టె మీద గరిష్ఠ ధర, తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, భాగం నంబరు స్పష్టంగా ఉంటాయి. చాలా సంస్థలు స్కాన్ చేసి సరిచూసుకునే కోడ్ కూడా పెడుతున్నాయి. పెట్టె మీది నంబరే సెన్సర్ ఒంటిమీద కూడా ఉండాలి. నంబరు అచ్చులో పోసినట్టు లేకుండా సిరాతో ముద్రించి, వేలితో రుద్దితే చెరిగిపోతుంటే అనుమానించాలి. ఇంజను పక్కన ఉండే భాగాల్లో నకిలీకీ అసలుకూ తేడా రూపంలో కనిపించదు, వేడి తట్టుకోవడంలో బయటపడుతుంది. అందుకే అది బిగించినరోజు బాగానే ఉండి, వేడిలో కొన్నాళ్లు మగ్గాక చేతులెత్తేస్తుంది.

ఒకవేళ పరీక్షలో నిజంగా ఈసీఎందే లోపమని తేలితే అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. వాటిలో నేను మొదట ఆలోచించేది మరమ్మతు. ఈసీఎం లోపల ఉన్నది ఒక సర్క్యూట్ బోర్డు. ఎండిపోయిన కెపాసిటర్లు, విడిపోయిన టాంకాలు, కాలిన డ్రైవర్ చిప్పులు, తేమకు పట్టిన తుప్పు వంటివాటిని అనుభవజ్ఞులు బాగుచేయగలరు. హైదరాబాద్, విజయవాడలలో ఈ పనే చేసే దుకాణాలున్నాయి. ఇచ్చే ముందు మూడు మాటలు ఖాయం చేసుకోండి: బోర్డు ముట్టుకునే ముందే లోపలి డేటాను పూర్తిగా కాపీ తీసి మీకు ఇవ్వాలి, బాగుకాకపోతే పరీక్ష రుసుము మాత్రమే తీసుకోవాలి, బాగయితే కనీసం మూడు నెలల హామీని బిల్లు మీద రాయాలి. ఇందులో నష్టభయం ఏమిటంటే, పని తెలియనివారి చేతిలో పడితే బాగుచేయదగిన బోర్డు కూడా పనికిరాకుండా పోతుంది.

రెండోది ఆ 12,000 రూపాయల సెకండ్ హ్యాండ్ ఈసీఎం. చాలా కార్లలో దొంగతనం జరగకుండా తాళంచెవిలోని చిప్పును, ఈసీఎంను, కొన్నిటిలో బాడీ కంప్యూటర్‌ను కూడా ఒకదానితో ఒకటి ముడివేస్తారు. వేరే కారు నుంచి తీసిన ఈసీఎంను బిగిస్తే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. అంటే 12,000 ఖర్చయ్యాక కూడా మీ కారు ఇప్పటి లక్షణాన్నే చూపిస్తుంది. దాన్ని మీ కారుకు అలవాటు చేయాలంటే మీ పాత ఈసీఎం డేటాను అందులోకి ఎక్కించాలి, దానికి వేరే ఖర్చవుతుంది. హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ సరిపోవాలి. ఇంజెక్టర్ల కోడ్‌లు నమోదు చేయవలసిన ఇంజను అయితే అవి కూడా రాయాలి. ఇవన్నీ తెలిసిన నిపుణుడు ముందుగానే ‘ఈ లేబుల్ నంబరు తెండి, నేను ఎక్కిస్తాను’ అని ఒప్పుకుంటే సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే. అలాంటి హామీ లేకుండా మాత్రం కొనవద్దు. అది ఏ కారు నుంచి తీశారో కూడా అడగండి. మీరట్‌లోని సోటీగంజ్ మార్కెట్‌ను దొంగ వాహనాల విడిభాగాల కారణంగా 2021 డిసెంబరులో మూయించారు. బిల్లు ఇవ్వని పాత భాగం వెనుక మరొకరి నష్టం ఉండవచ్చు.

48,000 పెట్టి కొత్తది కొనడం మూడో దారి. ఎప్పుడొస్తుందో చెప్పకుండా మొత్తం డబ్బు ముందే అడిగేవారికి కట్టవద్దనే నా సలహా. వచ్చే తేదీ, రాకపోతే డబ్బు వాపసు ఇచ్చే గడువు రాతపూర్వకంగా ఇస్తే అప్పుడు ఆలోచించవచ్చు. మిగిలిన రెండు దారులూ మూసుకుపోయాయని తేలాక మాత్రమే ఈ మాట.

మీ తమ్ముడి సలహాను కోపంగా తీసుకోకండి. నాన్నగారు ఎండలో కూర్చున్నారన్న సంగతి విని దూరాన ఉన్న కొడుకు అలా అనడం సహజం. కాని ఆయన లెక్కలో రెండు విషయాలు కనిపించడం లేదు. ఢిల్లీ ప్రాంతంలో పాత వాహనాల మీద ఉన్న ఆంక్షలు చూసి 15 ఏళ్లు దాటిన కారు రోడ్డెక్కకూడదని చాలామంది అనుకుంటారు. తెలంగాణలో అలాంటి నిషేధం లేదు. మీరు ఐదేళ్లకు పునరుద్ధరించుకున్నారు కాబట్టి చట్టం వైపు నుంచి ఆ కారుకు అడ్డేమీ లేదు. రెండోది, 28,000 జీతంలో కొత్త కారు వాయిదా మోయడం, అదీ ప్రతినెలా వైద్యం ఖర్చున్న ఇంట్లో, ఎలా సాధ్యమో ఆయన్నే కాగితం మీద లెక్క వేయమనండి. వాయిదాలో సగం తాను కడతానంటే అది వేరే సంభాషణ, అప్పుడు మనస్ఫూర్తిగా ఆలోచించండి. కారును వదిలేయవలసిన సందర్భాలు కూడా ఉంటాయి. బాడీ కింద తుప్పు పట్టి ఉంటే, పంపు, ఇంజెక్టర్లు, టర్బో అన్నీ ఒకేసారి మరమ్మతుకు వస్తే, మరమ్మతు మొత్తం ఆ కారు అమ్మకపు ధరకు దగ్గరైతే వదిలేయడమే మేలు. అలా వదిలేసేటప్పుడు రిజిస్టరైన తుక్కు కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త కారు కొంటే వాహన పన్నులో రాయితీకి అది పనికొస్తుంది. ఇంత పెద్ద నిర్ణయాన్ని ఒక సెన్సర్ మీద అనుమానం తేలకముందే తీసుకోవద్దన్నదే నా అభిప్రాయం.

బాబాయ్ గురించి మీరు రాసిన పేరా చదివి నాకు మీ మీద గౌరవం పెరిగింది. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని మీరెక్కడా అనలేదు, నేను కూడా అనుకోవడం లేదు. చేతితో వినికిడితో ఇంజనును పట్టుకునే తరం మెకానిక్‌కు సెన్సర్ల తరం కారు కష్టంగానే ఉంటుంది. ఆయనకు తెలియకుండా కారును వేరేచోటికి తీసుకెళితే విషయం ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, నొచ్చుకోవడమూ ఖాయం. అందుకని ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లండి. ‘బాబాయ్, ఈసీఎం కొనేముందు ఒకసారి స్కానింగ్ చేయించి కాగితం తీసుకుందాం, మీరు పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది’ అనండి. ఆ రోజుకు ఆయన కూలి మీరే ఇవ్వండి. సెన్సర్ అని తేలితే బిగించే పని ఆయనకే అప్పగించండి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడుగుతారేమో. అప్పుడు కూడా పరీక్ష చేయించండి. నాన్నగారి ప్రయాణం మీ బాధ్యత, ఆ మాట ఆయనకు సౌమ్యంగానే చెప్పవచ్చు. ముఖం ముడుచుకున్నా, కారు బాగయ్యాక మామూలు సర్వీసింగ్‌కు మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లండి.

మీ చేతిలో ఉన్న 15,000ను నేనైతే ఇలా ఖర్చు పెడతాను. ముందు పరీక్షకూ, కప్లర్లు, రిలే, ఎర్త్ వైర్లు శుభ్రం చేయించడానికీ కొంత తీసిపెడతాను. సెన్సర్ అని తేలితే పేరున్న తయారీదారు క్రాంక్ సెన్సర్‌కు సాధారణంగా ఒకటి రెండు వేల ప్రాంతంలో అవుతుంది. రెండు కొని, ఒకటి బిగించి రెండోదాన్ని పెట్టెతో సహా డ్యాష్‌బోర్డు అరలో ఉంచుతాను. ఈ వయసు కారుకు అది వృథా ఖర్చు కాదు. బాగయ్యాక కూడా కొన్నిరోజులు నాన్నగారు లేకుండా ఎండవేళ అదే దారిలో వెళ్లి వచ్చి, నమ్మకం కుదిరాకే ఆయన్ని ఎక్కిస్తాను. మిగిలిన డబ్బును ఆటోకు, పంపుదే లోపమని తేలితే దానికి ఉంచుతాను.

పాత సామాన్ల వ్యాపారి మిమ్మల్ని త్వరగా తేల్చమంటున్నారని రాశారు. ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి, ఈసీఎం లేబుల్ ఫొటో పంపమని, ఏ కారు నుంచి తీశారో చెప్పమని, జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడగండి. పరీక్ష అయ్యేదాకా అడ్వాన్సు పంపవద్దు. ఆలోగా అది వేరొకరికి అమ్ముడుపోయినా మీరు నష్టపోయేదేమీ లేదు. స్కానింగ్ కాగితం చేతికొచ్చాక, కారు ఆగి ఉన్నప్పటి ఆర్‌పీఎం, రైల్ ప్రెషర్ విలువలతో సహా నాకు మళ్లీ రాయండి. ఆ అంకెలు చూస్తే తర్వాత ఏ భాగం నంబరు వెతకాలో నిర్దిష్టంగా చెప్పగలను.